మడ సాహెబు

శోభనాద్రిగారు గుడివాడ నుంచి పనిగట్టుకుని వచ్చి, "చెల్లెమ్మా, వచ్చే ఆదివారం మా ఊళ్ళో ఇమామ్ పేరు మీద సభ పెడుతున్నాం, నువ్వు రాకపోతే కుదరదు" అన్నప్పుడు మా అక్క జోహ్రా ఆయనకి టీ గ్లాసు అందిస్తోంది. గ్లాసు తొణకలేదు. ముఖంలో కూడా ఏ మార్పూ లేదు. నాకు భయం వేసింది అందుకే. మామూలుగా మా అక్క ఉప్పు డబ్బా మూత బిగుసుకుపోయినా వీధి చివరికి వినపడేలా తిట్టే మనిషి.

"నేను రాలేను అన్నయ్యగారూ. మీరు కానివ్వండి" అంది.

"నువ్వు రాకుండా ఏం సభ? దేశం మొత్తానికి రెండుసార్లు ఛాంపియన్ అమ్మా మనవాడు. ఉప్పెనలో పోయి ఏడాది దాటింది, బందరులో ఒక్కరు కూడా వాడి గురించి నోరు విప్పలేదు. నాకు సిగ్గుగా ఉంది."

నోరు విప్పకపోవడం బందరు తప్పు కాదు. మా అక్కే ఎవరినీ విప్పనివ్వలేదు. ఎందుకో నాకు తెలుసు. ఎవరికైనా చెబితే జన్మలో నా ముఖం చూడనని ఒట్టు పెట్టించుకుంది కాబట్టి నేను గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను.

ఇమామ్ సాహెబు మా బావ. గిలకలదిండిలో పడవలకి తెరచాపలు కుట్టే దర్జీ కొడుకు. నేవీలో చేరి బొంబాయి వెళ్తే, అక్కడ దొరలు వదిలేసి పోయిన సరదా ఒకటి ఇతనికి తగులుకుంది, తెరచాప పడవల పందెం. చిన్న పడవ, ఇద్దరు మనుషులు, ఇంజను ఉండదు. ఒకడు చుక్కాని పట్టుకుంటాడు, రెండోవాడు పడవ ఒరిగిపోకుండా అంచు మీద కూర్చుని వెనక్కి వేలాడతాడు. చుక్కాని మా బావది. వేలాడే పని శోభనాద్రిగారిది. ఈయన నందివాడ దగ్గర రైతు బిడ్డ, వరి చేలో బురద తొక్కలేక నేవీలో చేరినవాడు. వరుసగా రెండేళ్ళు ఆ ఇద్దరే అఖిల భారత పోటీ గెలిచారు. పేపర్లో ఫోటో కూడా పడింది. అందులో మా బావ కప్పు పట్టుకుని నవ్వుతుంటాడు, పక్కన శోభనాద్రిగారి చెవి, భుజం కనిపిస్తాయి.

నౌకరీ అయిపోయాక బందరు తిరిగొచ్చాడు. ఛాంపియన్ కదా, రేవులో మంచి ఉద్యోగం పట్టుకుంటాడని మేమంతా ఎదురుచూశాం. ఆయన ఉన్న కాస్తా పెట్టి ఓ చిన్న తెరచాప పడవ కట్టించుకున్నాడు. దాన్ని వేసుకుని కృష్ణ సముద్రంలో కలిసేచోట పాయల్లో పడి తిరగడం మొదలుపెట్టాడు. నేను కోనేరు సెంటర్లో రేడియోలు బాగుచేసుకునేవాణ్ణి. నా దుకాణం ముందు నిలబడి జనం, "మీ బావ ఈ మధ్య ఏ కప్పుల కోసం తిరుగుతున్నాడోయ్, చేపలిస్తున్నాయా?" అని వెటకారం చేసేవారు. నాకు ఒళ్ళు మండేది. ఆయనకి మాత్రం చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు.

మొదట్లో ఊరికే తిరిగేవాడు, నిజం చెప్పాలంటే. ఓసారి దివిసీమ వైపు ఉండగా సముద్రం మీద గాలివాన పట్టుకుంది. తప్పించుకోవడానికి పడవని ఒక పాయలోకి తోలి, మడ చెట్ల మధ్య దాక్కున్నాడు. ఉప్పునీటి బురదలో వేళ్ళు బయటికి తన్నుకొచ్చి ఉండే చెట్లు అవి, మామూలు మనిషి వాటిని చెట్ల లెక్కలో కూడా వెయ్యడు. బయట అలలు ఇంటెత్తున లేస్తుంటే లోపల తన పడవ ఉయ్యాలలో పిల్లలా ఊగిందట, అంతే. ఆ రోజు నుంచి ఆయనకి పందేలు, కప్పులు అన్నీ మనసులోంచి పోయాయి. మడ ఎక్కడ దట్టంగా ఉంది, ఎక్కడ ఇటికల బట్టీలకి కొట్టేశారు, కొట్టేసిన చోట రొయ్య ఎందుకు తగ్గింది, పోటు నీళ్ళు ఎంత లోపలికి వస్తున్నాయి, ఇదే గోల. ఒక్కడే తెరచాప ఎత్తుకుని ఒడ్డు వెంబడే కాకినాడ దాకా పోయి, కనపడిన ప్రతి పాయలోనూ దూరి చూసి, పెనం అడుగులా మాడి ఇంటికొచ్చాడు. గుమ్మంలో ఆయన్ని చూసి మా అక్క ఎవరో ఫకీరనుకుని బియ్యం తెచ్చింది.

పర్యావరణం అనే మాట అప్పటికి మా ఊళ్ళో పెద్దగా వినపడేది కాదు. మా వీధిలో ఉండే మంగతాయారుగారు మాత్రం దానికో పేరు పెట్టారు. "మేం మడి కట్టుకుంటే పూజయ్యేదాకే జోహ్రా. మీ ఆయన కట్టుకున్న మడ ఈ జన్మకి విడిచేలా లేదు" అన్నారు. అది ఊరంతా పాకి మా బావ మడ సాహెబు అయిపోయాడు. ఎవరైనా అలా పిలిస్తే ఆయన చక్కగా పలికేవాడు కూడా.

ఉప్పెన రావడానికి ముందు రోజు మా దుకాణంలో రేడియో వార్తలు విని లేచాడు. దివిసీమ చివర కాకిదిబ్బ అనే చేపలవాళ్ళ పల్లె ఉంది, ఎన్నోసార్లు పడవ కట్టేసి వాళ్ళ దగ్గర ఆగాడు. "హుస్సేనూ, వాళ్ళకి రేడియో లేదు. వెళ్ళొస్తాను. మీ అక్కకి చెప్పు" అన్నాడు. వెళ్ళినవాడు తిరిగి రాలేదు. కాకిదిబ్బవాళ్ళకి చెప్పి, అక్కణ్ణించి ఇంకో పల్లెకి చెప్పడానికి బయల్దేరాడని పాయలో ఆయనకి ఎదురైన వేరే ఊరి పడవవాళ్ళు తర్వాత చెప్పారు. పడవ తిరగబడి దొరికింది, మనిషి దొరకలేదు.

ఆ వారం ఎలా గడిచిందో బందరులో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, లేనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. కరెంటు లేదు, రోడ్ల మీద చెట్లు, ఊరంతా ఒకటే వాసన. మా అక్క గుమ్మంలో కూర్చుని ఉండగా ఒక లారీ ఆగింది. సహాయం బియ్యం తోలే చల్లపల్లి లారీ. డ్రైవరు దిగి, "ఇమామ్ సాహెబుగారి ఇల్లిదేనాండీ? కాకిదిబ్బ కబురండీ. సాయిబుగారి మాట విని మడలోకి వెళ్ళినవాళ్ళంతా ఒడ్డున పడ్డారంట. మీకు చెప్పమన్నారు" అన్నాడు. వెనక ఇంకో లారీ హారన్ కొడుతోంది. అతను మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయాడు.

నేను అక్క పక్కనే ఉన్నాను, నా చెవులతో విన్నాను. ఒడ్డున పడటం అంటే ఆ రోజుల్లో మాకు ఒకటే. పొద్దున్న లేస్తే అదే మాట, ఫలానా చోట ఇంతమంది ఒడ్డున పడ్డారట, ఇంకా గుర్తు పట్టలేదట, ఫలానా చోట పశువులూ మనుషులూ కలిసి ఒడ్డున పడ్డారట అని. మా అక్క లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. బయటికి వచ్చాక నాతో అన్నది ఇంతే: "ఆయన మడలోకి వెళ్ళమన్నాడు. వెళ్ళారు. మీకు చెప్పమన్నారు అన్నాడు, విన్నావా? తెలియాలని చెప్పించారు."

ఆ రోజు నుంచి ఆయన మాట ఇంట్లో ఎత్తకూడదు. పరామర్శకి వచ్చినవాళ్ళు "మహానుభావుడు" అంటే లేచి వంటింట్లోకి పోయేది. కప్పులు రెండూ ఇనప్పెట్టె అడుగున పడ్డాయి. ఒక్క కన్నీటి చుక్క రాల్చడం నేను చూడలేదు. మొగుడు పోయిన ఆడది ఏడవాలి, అరవాలి, వాడి మీద వంద చెప్పాలి. మా అక్క ఏ ముఖం పెట్టుకుని ఏడుస్తుంది? అవతల ఒక పల్లెకి పల్లె తన మొగుడి మాట విని పోయిందని కూర్చుంది.

ఎండాకాలంలో ఒకసారి కాకిదిబ్బ వాళ్ళు ఇద్దరు ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. దూరం నుంచే వాళ్ళ మాట విని అక్క దొడ్డి దారిన మంగతాయారుగారింట్లోకి పరిగెత్తి, మేం ఇల్లు మారిపోయామని చెప్పమంది. తడిచీరతో ఉన్న ఆవిడ వీధిలోకి వచ్చి చెప్పి, మడిలో ఉండగా నా చేత అబద్ధం ఆడించావే అని వారం రోజులు సణిగారు.

ఇదీ సంగతి. అందుకే శోభనాద్రిగారు ఎంత బతిమాలినా మా అక్క కదల్లేదు. చివరికి ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "పోనీ నీ ఇష్టం చెల్లెమ్మా. కాకిదిబ్బ వాళ్ళు కూడా వస్తున్నారు, నిన్ను చూడాలని అడిగారు కూడా. పేపర్లో సభ సంగతి చూసి ఎవరో చదివి చెప్పారట, మేం మాట్లాడాలి అని కబురు పంపారు. ఏం చెప్పను వాళ్ళకి?" అన్నారు.

మా అక్క ఆ ఖాళీ గ్లాసు తీసుకుని లేచింది.

"వస్తానని చెప్పండి" అంది.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి నేను మొదలుపెట్టాను. "నీకేమైనా మతి పోయిందా అక్కా? నలుగురిలో నిలబెట్టి కడిగేస్తారు."

"కడగనీ. మిగిలినవాళ్ళు ఎవరున్నారో, ఎవరిని పోగొట్టుకున్నారో. వాళ్ళు నన్ను ఒక మాట అనాలి కదరా. ఎన్నాళ్ళని దొడ్డి దారిన పరిగెడతాను?"

"ఏదో ఒంట్లో బాగోలేదని..."

"నోరు మూసుకుని ఆదివారం కొట్టు కట్టెయ్" అంది. ఏడాదిగా ఆవిడ నన్ను అంత గట్టిగా కసిరింది లేదు. వెళ్ళక తప్పదని అప్పుడు అర్థమైంది నాకు.

ఆదివారం పొద్దున్న బందరు ప్యాసింజరు ఎక్కాం. పెడనలో అద్దకం బట్టల మూటలతో ఆడవాళ్ళు ఎక్కి, కాళ్ళు పెట్టుకునే చోటు లేకుండా చేశారు. ఒకావిడ మా అక్కని జరగమని గదిమింది. మా అక్క జరిగింది! ఇంకో రోజైతే ఆ పెట్టెలో యుద్ధం జరిగేది. కిటికీ బయట కోతలైన చేలల్లో మినుము పచ్చగా పరుచుకుని ఉంది. ఉప్పెనకి ఉప్పుబారిన పొలాలు మళ్ళీ తేరుకున్నాయని అందరూ సంతోషంగా చెప్పుకుంటున్నారు. మా అక్క అదేమీ చూడట్లేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి.

"ఏం చదువుకుంటున్నావు?"

"క్షమించమని ఎలా అడగాలో చూసుకుంటున్నాను. ఏ మాట అన్నా చిన్నగా ఉంది. ఎలా అడగాలిరా?"

"తెలుగులోనే అడుగు" అన్నాను విసుగ్గా. నాకు ఏడుపొస్తే విసుగులా బయటికొస్తుంది, అది నా జబ్బు.

సభ గుడివాడలో రైతుల సంఘం హాల్లో. హాలు నిండా జనం, ఎక్కువమంది శోభనాద్రిగారి పొలాల చుట్టుపక్కలవాళ్ళు, కాలేజీ పిల్లలు. వేదిక మీద పేపర్లో పడిన ఆ ఫోటోనే పెద్దది చేయించి దండ వేశారు. పెద్దది చేసేటప్పటికి శోభనాద్రిగారి చెవి కూడా బాగా పెద్దదైంది. ముందు వరసలో మా ఇద్దరికీ కుర్చీలు. కాకిదిబ్బ వాళ్ళు ఇంకా రాలేదు. రాకపోతే బావుండునని మొక్కుకున్నాను. మా అక్క అటు గుమ్మం వైపే చూస్తోంది.

ముందు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే కాంతారావుగారు లేచి మా బావని నావికాగ్రేసరుడు, ప్రకృతి పిపాసి, తీరాంధ్ర తేజోమూర్తి అన్నారు. మా బావ వింటే ఈ ముగ్గురూ ఎవరని అడిగేవాడు. అయినా ఒక సంగతి మాత్రం కాంతారావుగారు సూటిగా చెప్పారు. ఏ పాయలో ఏ మడ ఉందో చూపించమని తన విద్యార్థుల్ని తీసుకెళ్తే, ఇమామ్ సాహెబు వాళ్ళ చేత చెప్పులు విప్పించి నడుం లోతు బురదలో నిలబెట్టి, "ఇప్పుడు చెప్పండి, ఇది పనికిరాని నేలా?" అని అడిగాడట. కాళ్ళ కింద చేపపిల్లలు కదులుతుంటే పిల్లలు కేకలు పెట్టారట.

తర్వాత శోభనాద్రిగారు లేచారు. ఆయనకి ఉపన్యాసం రాదు, అదే మంచిదైంది.

"రెండో ఏడు ఫైనల్లో గాలి పడిపోయిందండీ. అందరూ జెండాల వైపు చూస్తున్నారు. వీడు ఒడ్డు మీద ఎక్కడో మేడ మీద ఆరేసిన చీరల వైపు చూస్తున్నాడు. నాకు మండింది. ఒరే ఇమామూ, పందెంలో ఉండి చీరలు చూస్తావేంట్రా అన్నాను. అదిగో ఎర్రచీర అటు తిరిగింది, గాలి మనకి రాబోతోంది అని టక్కున చుక్కాని తిప్పేశాడు. మిగతావాళ్ళకి గాలి తగిలేసరికి మేం గీత దాటేశామండీ. నేను చేసిందల్లా బరువుగా కూర్చోవడమే. ఇప్పటికీ అది నాకు బాగా వచ్చు."

హాలంతా ఘొల్లుమంది. మా అక్క నవ్వలేదు. అప్పుడే బయట లారీ ఆగిన చప్పుడైంది.

కాకిదిబ్బ వాళ్ళు వచ్చారు. ఇద్దరు ముగ్గురు వస్తారనుకున్నాను. లారీ నిండా దిగారు. మగవాళ్ళు, ఆడవాళ్ళు, చంకల్లో పసివాళ్ళు, కర్ర పట్టుకున్న ముసలమ్మలు, వరసగా హాల్లోకి వస్తూనే ఉన్నారు. చోటు చాలక గోడల వెంబడి నిలబడ్డారు. పోయినవాళ్ళ చుట్టాలందరినీ కూడగట్టుకుని వచ్చారనుకున్నాను. వెనక తలుపు ఎక్కడుందో చూసి పెట్టుకున్నాను కూడా.

"కాకిదిబ్బ నుంచి అంకమ్మగారు మాట్లాడతారు" అన్నారు శోభనాద్రిగారు. గుంపులోంచి పొడుగ్గా, ఎండిన తాటి మట్టలా ఉన్న ఒకావిడ కొంగు దోపుకుని ముందుకొచ్చింది.

మా అక్క లేచి నిలబడింది. "ముందు నేను మాట్లాడాలి అన్నయ్యగారూ."

మైకు దగ్గరికి వెళ్ళలేదు. తిన్నగా ఆ అంకమ్మ ముందుకి వెళ్ళింది.

"అమ్మా, నేను ఇమామ్ సాహెబు భార్యని. మీరేం అనడానికి వచ్చారో నాకు తెలుసు. అనండి, పడతాను. కానీ ఆయన మీకు చెడు తలపెట్టలేదమ్మా. మడ కాపాడుతుందని మనస్ఫూర్తిగా నమ్మాడు. నమ్మబట్టే మీవాళ్ళని అందులోకి వెళ్ళమన్నాడు. వాళ్ళూ పోయారు, ఆయనా పోయాడు. ఆయన బదులు నేను మీ కాళ్ళు పట్టుకుంటాను. మీవాళ్ళ ఉసురు ఆయనకి తగలనివ్వకండి."

నిజంగానే వంగబోయింది. అంకమ్మ కంగారుగా ఆవిడ రెండు భుజాలూ పట్టుకుని లేపి, ఒకసారి వెనక్కి తిరిగి తన మనుషుల వైపు చూసింది. మళ్ళీ మా అక్క వైపు చూసింది.

"ఏ మావాళ్ళమ్మా?"

"మడలోకి వెళ్ళినవాళ్ళు."

"మడలోకి ఎల్లింది మేమేనమ్మా."

మా అక్కకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. "అందరూ ఒడ్డున పడ్డారని మాకు కబురొచ్చింది కదమ్మా" అంది అక్క.

"ఆ కబురు పంపింది నేనేనమ్మా! అందరం ఒడ్డున పడ్డాం, సాయిబుగారింట్లో చెప్పు నాయనా అని ఆ చల్లపల్లి లారీ అబ్బాయి గడ్డం పట్టుకు బతిమాలి పంపాను. ఒడ్డున పడకపోతే ఇదిగో ఈ జనమంతా ఎక్కణ్ణించొచ్చారు? చూడు, అందరం ఉన్నాం!"

ఒడ్డున పడ్డారు. పరీక్ష పాసైతే ఒడ్డున పడ్డాడంటాం. టైఫాయిడ్ తగ్గితే ఒడ్డున పడ్డాడంటాం. కోర్టు కేసు తేలితే, పాత రేడియో ఎవడికో అంటగడితే, నేనే రోజూ ఎన్నిసార్లు అంటానో. పుట్టిన దగ్గర్నుంచి తెలుగే మాట్లాడుతున్న ఇద్దరం, ఏడాది పైగా, ఆ రెండు ముక్కలు నెత్తిన పెట్టుకుని కుళ్ళిపోయాం. కాకిదిబ్బ పడవల వాళ్ళు ఒడ్డు అంటే ప్రాణం అనుకుంటారు. ఆ వారం బందరులో మాకు ఒడ్డు అంటే శవాలు. అదే మాట, దారిలో ఎక్కడా మారలేదు, లారీవాడు అక్షరం పొల్లుపోకుండా తెచ్చి ఇచ్చాడు. ఎవణ్ణి తిట్టను? నాకు ఎవణ్ణయినా గట్టిగా తిట్టాలని ఉంది, ఎవడూ దొరకలేదు.

"అంతా ఉన్నారా?" అంది మా అక్క.

"అంతా. ఒక్క మా పెదమావయ్య గుడిసె వదిలి రానన్నాడు, ఎంత చెప్పినా వినలేదు. ఆయనొక్కడే. మిగతా మేమంతా సాయిబుగారు చెప్పినట్టే చేశాం. ఊళ్ళోకి పారిపోవడానికి టైము లేదు, అంతా బట్టబయలు, మధ్యలో దొరికిపోతారు, పడవలేసుకుని పాత పాయలో నల్లమడలోకి పొండి అన్నారు. తాడు బిగించి కట్టొద్దు, పొడుగ్గా వదలండి, నీళ్ళు లేచినప్పుడు పడవా లేవాలి అన్నారు. బిగించి కడితే మునిగిపోదుమమ్మా. మాకు తాటిచెట్టంత నీళ్ళొచ్చాయి. మడ నెత్తిన ఎక్కాం. చెట్టు ఇరిగింది గానీ చెయ్యి వదల్లేదు."

మా అక్క ఇక ఆగలేదు. గోడ వెంబడి నిలబడ్డవాళ్ళ దగ్గరికి పోయి ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని, "నువ్వూ మడలోనే ఉన్నావా?" అని అడగడం మొదలుపెట్టింది. "ఉన్నానమ్మా" అంటే తర్వాతివాళ్ళ దగ్గరికి. "నువ్వూ?" "నేనూ ఉన్నానమ్మా." చంకలో పసిబిడ్డని చూసి, "వీడు?" అంది. "వీడు ఆ తర్వాత పుట్టాడమ్మా" అని తల్లి నవ్వింది. మా అక్క కూడా నవ్వింది. పసివాడి బుగ్గ గిల్లి వాణ్ణి ఏడిపించింది కూడా. శోభనాద్రిగారు ఏం జరుగుతోందో తెలీక నా వైపు చూస్తే, ఒట్టు పోతే పోయిందని మొత్తం చెప్పేశాను. ఆ భారీ మనిషి అలాగే వేదిక మెట్టు మీద కూలబడ్డారు. కాంతారావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. ఇంకో విశేషణం ఏదీ తగల్లేదు ఆయన నోటికి.

"ఎండాకాలం ఇద్దర్ని పంపించాం మీ ఇంటికి" అంది అంకమ్మ, ఫిర్యాదుగా. "ఇల్లు మారిపోయారని ఎవరో పెద్దావిడ తడిచీరలో ఉండి చెప్పిందంట."

"అబద్ధం చెప్పింది" అంది మా అక్క, అమాయకంగా. మంగతాయారుగారు అక్కడ లేకపోవడం మంచిదైంది.

సభ అలా ఎక్కడికక్కడ ఆగిపోయి అందరూ గుంపులు గుంపులుగా మాట్లాడుకుంటున్నారు. ఎవరో టీలు తెస్తున్నారు. మా అక్క అంకమ్మ పక్కన నేల మీదే కూర్చుంది. ఇన్నాళ్ళూ ఒక్క ప్రశ్న కూడా అడగని మనిషి ఇప్పుడు ఆపకుండా అడుగుతోంది. ఆ రోజు ఆయన ఎప్పుడొచ్చాడు, ఎలా ఉన్నాడు, దగ్గు తగ్గిందా, ఆ పాత చొక్కానే వేసుకున్నాడా.

"ఎల్లేముందు మా ఇంట్లోనే భోంచేశారమ్మా" అంది అంకమ్మ. "తినకుండా కదలనివ్వలేదు నేను. పండుగప్ప పులుసు పెట్టాను. అడిగి రెండోసారి వేయించుకున్నారు."

"అడిగా?"

"ఆ. బావుందా సాయిబుగారూ అంటే, బావుంది గానీ మా ఆవిడ పులుసు ముందు ఇది దిగదుడుపే అంకమ్మా అన్నారు. నాకు కోపమొచ్చింది. మరి ఆ మాట ఆవిడతో చెబుతారా ఎప్పుడైనా అన్నాను. చెప్పను, చెబితే రోజూ అదే పెడుతుంది అని నవ్వి, చెయ్యి కడుక్కుని ఎల్లిపోయారు."

మా అక్క నా వైపు తిరిగింది. ముఖం ఎర్రగా కందిపోయింది.

"విన్నావురా హుస్సేనూ? విన్నావా? పదిహేనేళ్ళు వండి పెట్టాను. ఉప్పెక్కువైంది, పులుపు తక్కువైంది, ఒక్క రోజు బావుందన్నాడా? ఎవరింట్లోనో కూర్చుని చెబుతాడా? నాతో చెబితే నోరు పడిపోతుందా ఆయనకి? ఎంత మొండి మనిషి! ఎంత మొండి..."

ఆ మాట పూర్తికాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కిళ్ళు పెట్టింది. తర్వాత కొంగు కూడా తీసేసి, చుట్టూ ఎవరున్నారని చూడకుండా, వీధి చివరికి వినపడేలా మొగుడి కోసం ఏడ్చింది. అంకమ్మ వీపు నిమురుతూ కూర్చుంది. శోభనాద్రిగారు ఓదార్చబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఏడవనీ. ఇన్నాళ్ళకి నాకు ప్రాణం లేచొచ్చింది.